చిన్న గిరాకీకి దిక్కెవరు?

పిస్తోలు పెట్టుకునే ఒర గురించి రాజధాని లేఖలో రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ధరలు, నిరుద్యోగం, రాష్ట్రాల వాటాలు, సరిహద్దు తగాదాలు ఇన్ని ఉండగా, ఎక్కడో ఒరలు తయారుచేసే వర్తకుడు తన సరకుల పట్టీలోనుంచి కొన్ని రకాలు కొట్టివేస్తే మనకు వచ్చిన నష్టమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. కాని కొట్టివేతకు గురయ్యే రకాలు ఎవరి కోసం తయారైనవో చూస్తే సంగతి మరొక విధంగా కనిపిస్తుంది. పోలీసులకు కావలసిన ఒరలు పట్టీలో పదిలంగా ఉంటాయి. సైన్యానికి కావలసినవి ఉంటాయి. ఆత్మరక్షణకు ఆయుధం ధరించే గృహస్థుకు కావలసినవి మరీ పదిలంగా ఉంటాయి. వేటు పడేది పోటీలలో పాల్గొనే షూటర్ల రకాలపైన.

పెద్ద గిరాకీ పక్కన చిన్న గిరాకీకి చోటుంటుందా అన్నది ఒరల దుకాణంతో ఆగిపోయే ప్రశ్న కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారతదేశానికి దక్కిన పతకాలు 6. వాటిలో 3 షూటింగ్‌లో వచ్చినవి. పతకాలలో సగం తెచ్చిపెట్టిన క్రీడకు పనిముట్లు ఎక్కడినుంచి వస్తున్నాయి, వాటిని చేసేవారు మానుకుంటే మన గతి ఏమిటి అని ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

ముందు వర్తకుడి పక్షాన నిలబడి చూద్దాం. పోలీసు ఒరకు, పోటీ ఒరకు ఉండవలసిన లక్షణాలు పరస్పర విరుద్ధమైనవి. పోలీసు నడుమున ఉన్న పిస్తోలును పెనుగులాటలో మరొకడు లాక్కోకూడదు. అందుకని ఆ ఒరకు పట్టీలు, మూతలు, బొటనవేలితో నొక్కే మీటలు అమర్చి, ఒకదానిపై ఒకటిగా కట్టుదిట్టాలు చేస్తారు. పోటీలో లెక్క సెకనులో వందో వంతుకు జరుగుతుంది. అక్కడ ప్రతి పట్టీ ఒక అడ్డంకి. అందుచేత పోటీ ఒరలలో కొన్ని రకాలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని మాత్రమే పట్టి ఉంచుతాయి. తక్కిన పిస్తోలంతా బయటనే ఉంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఈ ఇద్దరు ఖాతాదారులను ఒకే నమూనాతో తృప్తిపరచడం సాధ్యం కాదు.

దీనికితోడు తయారీ పద్ధతి మారింది. తోలు స్థానంలో కైడెక్స్ అనే ప్లాస్టిక్ రేకు వచ్చి చేరింది. 1960లలో విమానాల లోపలి భాగాల కోసం రూపొందిన ఈ రేకును వేడిచేసి, తుపాకి ఆకారపు అచ్చుమీద నొక్కితే ఒర తయారవుతుంది. తోలు వాడగా వాడగా సాగి సర్దుకుంటుంది. ఈ రేకుకు సర్దుకునే గుణం లేదు. కనుక ప్రతి తుపాకి నమూనాకు ఒక అచ్చు కావాలి. ఎడమచేతివాటం వారికి వేరే అచ్చు. తుపాకిపైన గురి అద్దం బిగిస్తే మరొక అచ్చు. ఊహకు 20 రకాల తుపాకులు తీసుకున్నా, చేతులు రెండు, అద్దం ఉన్నవి లేనివి రెండు కలిపి 80 రకాల ఒరలు అవుతాయి. పోలీసు శాఖ ఒకే రకాన్ని వేల సంఖ్యలో కొంటుంది. పోటీ షూటర్లు 80 రకాలలో తలకొకటి అడుగుతారు. గుమాస్తా లెక్కలు చూసిన మరుక్షణం ఎవరి రకాలు పట్టీలోనుంచి పోతాయో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

ఈ మార్పు ఎలా వస్తుందో అమెరికాలోని ఒక ప్రసిద్ధ సంస్థ చరిత్ర చెబుతుంది. కాలిఫోర్నియాలో పోలీసు ఉద్యోగం చేసిన జాన్ బియాంకీ 1950ల చివర సొంతంగా ఒరలు కుట్టడం మొదలుపెట్టి, క్రమంగా పెద్ద కంపెనీ అధిపతి అయ్యాడు. 1979లో మిసూరీ రాష్ట్రంలోని కొలంబియాలో తన పేరుతో ఒక పిస్తోలు పోటీనే నెలకొల్పాడు. అంటే అక్కడ ఒర చేసేవాడే పోటీకి జన్మనిచ్చాడు. ఖాతాదారు నైపుణ్యం పెరిగితే తన సరకు నాణ్యత కూడా పెరుగుతుందని అతని విశ్వాసం అయి ఉండాలి. కాలక్రమాన ఆ పోటీ నిర్వహణ అమెరికా రైఫిల్ సంఘానికి పోయింది. కంపెనీ 2004లో ఆర్మర్ హోల్డింగ్స్ అనే రక్షణ సామగ్రి సంస్థలో చేరింది. ఆ సంస్థను 2007లో బ్రిటన్‌కు చెందిన బి.ఏ.ఇ. సిస్టమ్స్ కొనేసింది. యుద్ధవిమానాలు, జలాంతర్గాములు తయారుచేసే సంస్థ అది. 2012లో మళ్లీ చేతులు మారింది. 2021లో ఆ వ్యాపార సముదాయం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటాలు అమ్ముకునే కంపెనీగా నమోదైంది. ఒక మనిషి అభిరుచితో మొదలైన దుకాణం మూడు నెలలకొకసారి వాటాదారులకు లెక్క చెప్పవలసిన స్థితికి వచ్చాక, చిన్న గిరాకీ తరఫున మాట్లాడేవాడు ఆ బల్ల చుట్టూ ఎవడూ మిగలడు. దానికి ఎవరి దుర్బుద్ధీ అక్కరలేదు. యాజమాన్యం స్వభావంలోనే అది ఉంది.

తుపాకుల తయారీలోనూ ఇదే తంతు. 2019 సెప్టెంబరులో అమెరికాలోని కోల్ట్ కంపెనీ పౌరుల కోసం చేసే రైఫిళ్ల ఉత్పత్తిని నిలిపివేస్తున్నామని ప్రకటించింది. ఆ మార్కెట్‌లో సరకు ఇప్పటికే నిండిపోయిందని, సైన్యంనుంచి, పోలీసులనుంచి వచ్చిన ఆర్డర్లకే తమ శక్తినంతా వినియోగిస్తామని సంజాయిషీ ఇచ్చింది. ఆ నిర్ణయాన్ని తరువాత సడలించినా, 2021లో ఆ కంపెనీయే చెక్ దేశపు సంస్థ చేతిలోకి పోయింది. ఉక్రెయిన్ యుద్ధం 2022లో మొదలయ్యాక యూరప్‌లో ఈ ఒత్తిడి మరింత పెరిగింది. ఏడాదిలో 10 లక్షల ఫిరంగి గుండ్లు అందిస్తామని 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ ఉక్రెయిన్‌కు మాట ఇచ్చి, గడువులోగా నిలుపుకోలేకపోయింది. ఫిరంగి గుండును పేల్చే మందుకు, క్రీడాకారుడి తూటాలోని మందుకు మూలపదార్థం నైట్రోసెల్యులోజే. ఫిరంగి ఆకలిగొన్నప్పుడు క్రీడాకారుడి విస్తరిలో ఏమి మిగులుతుంది?

న్యాయంగా మాట్లాడాలంటే, గిరాకీని కుదించేది వర్తకులు మాత్రమే కాదు. పోటీల నిర్వాహకులు కూడా ఆ పని చేస్తారు. 2016 రియో ఒలింపిక్స్ తరువాత పురుషుల డబుల్ ట్రాప్, 50 మీటర్ల పిస్తోలు, 50 మీటర్ల రైఫిల్ ప్రోన్ పోటీలను కార్యక్రమంలోనుంచి తొలగించారు. 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతం గెలిచింది ఆ డబుల్ ట్రాప్‌లోనే. షూటింగ్‌లో మన దేశానికి తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన పోటీ అలా చరిత్రలోకి జారిపోయింది. పోటీ పోతే దానికోసం ప్రత్యేకంగా చేసే తుపాకికి కొత్త కొనుగోలుదారు దొరకడం కష్టం. అయితే ఆ తొలగింపు స్త్రీ పురుషులకు సమాన అవకాశం కల్పించడం కోసం జరిగింది. వాటి స్థానంలో వచ్చిన మిశ్రమ జట్ల పోటీలోనే 2024లో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ మనకు కాంస్యం తెచ్చారు. కనుక కుదింపు ప్రతిసారీ చెడ్డదే అనడానికి వీలులేదు. కారణం చెప్పి, ప్రత్యామ్నాయం చూపి చేసే కుదింపు వేరు. లెక్కల పుస్తకం మాత్రమే చూసి చేసేది వేరు.

పెద్ద కంపెనీ వదిలిన చోటును చిన్న కంపెనీ ఆక్రమిస్తుంది, మార్కెట్ తన దారి తాను చూసుకుంటుంది అని వాదించే ఆర్థికవేత్తలు ఢిల్లీలో వీధికొకరు ఉన్నారు. పాశ్చాత్య దేశాల విషయంలో వారి వాదం చాలావరకు నిజమే. పోటీ ఒరల రంగంలో ఇప్పుడు పేరున్న తయారీదారులు ఇటలీలో, నెదర్లాండ్స్‌లో, దక్షిణాఫ్రికాలో ఉన్న ప్రత్యేక సంస్థలు. లక్షలాది షూటర్లున్న చోట చిన్న గిరాకీ కూడా ఒక దుకాణాన్ని పోషించగలదు. ఈ వైద్యం మన దేశంలో పనిచేస్తుందా అన్నదే నా సందేహం.

మన షూటర్లు పాల్గొనే ఒలింపిక్ పోటీలలో ఒర వాడరు. పిస్తోలును బల్లమీదనుంచి చేతిలోకి తీసుకుంటారు. కాబట్టి ఒరల కుదింపు మనకు నేరుగా తగలదు. తగిలేది దాని వెనుక ఉన్న సూత్రం. మన ఒలింపిక్ షూటర్ల చేతులలోని పిస్తోళ్లు, రైఫిళ్లు స్విట్జర్లాండు, ఆస్ట్రియా, జర్మనీ, ఇటలీ వంటి దేశాలవి. మేలురకం తూటాలు బ్రిటన్, జర్మనీ, ఫిన్లాండులనుంచి రావలసిందే. ఆ దేశాలలో ఏ కంపెనీ ఏ నమూనాను మానుకున్నా, దాని దెబ్బ తుగ్లకాబాద్‌లోని కర్ణీసింగ్ రేంజిలో, గచ్చిబౌలి రేంజిలో సాధన చేసే పిల్లల మీద పడుతుంది. అక్కడి షూటరు పక్క వీధి దుకాణానికి పోతాడు. ఇక్కడి షూటరు దిగుమతి అనుమతి దరఖాస్తు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు.

పనిముట్టు విలువ ఏమిటో 2021లో టోక్యోలో అందరం చూశాం. అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్తోలు మొరాయించింది. బాగుచేసుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు గడిచిపోయాయి. 575 పాయింట్లతో ఆమె 12వ స్థానంలో నిలిచి, ఫైనల్ అవకాశాన్ని 2 పాయింట్లతో పోగొట్టుకున్నది. మూడేళ్ల తరువాత అదే క్రీడాకారిణి పారిస్‌లో రెండు పతకాలు గెలిచింది. మనిషిలో ఎంత సామర్థ్యమున్నా, వేలెడంత లోహపు ముక్క ఆ మనిషిని ఓడించగలదు.

షూటింగ్‌కు, మన పార్లమెంటుకు ఉన్న అనుబంధం చాలామందికి తెలియదు. 1951లో భారత జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడినప్పుడు దానికి వ్యవస్థాపక అధ్యక్షుడు జి.వి. మావలంకర్. మరుసటి ఏడు లోక్‌సభకు తొలి స్పీకర్ అయిన పెద్దమనిషి ఆయనే. ఆయన పేరిట ఇప్పటికీ అఖిల భారత పోటీ జరుగుతున్నది. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ 1952 నుంచి 1977 వరకు స్వతంత్ర సభ్యుడిగా లోక్‌సభలో కూర్చున్నారు. 1962లో కైరోలో జరిగిన ప్రపంచ పోటీలలో రజతం గెలిచారు. 5 ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన రేంజికి తరువాత ఆయన పేరు పెట్టారు. ఆ తరువాతి తరంలో రాథోడ్ 2014లో లోక్‌సభకు ఎన్నికై, 2017 నుంచి 2019 వరకు క్రీడల మంత్రిగా పనిచేశారు.

కర్ణీసింగ్ కాలంలో షూటింగ్ ప్రధానంగా రాజుల, జమీందారుల క్రీడ. లండన్‌లోనో ఇటలీలోనో తుపాకి చేయించుకోగల స్తోమత వారికి ఉండేది. ఒక కంపెనీ మానుకుంటే మరొక కంపెనీకి తంతి పంపగలిగేవారు. ఈనాటి షూటర్లెవరో చూడండి. పారిస్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూర్ జిల్లా గ్రామంలో పుట్టి, రైల్వేలో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసినవాడు. సరబ్‌జోత్ సింగ్ అంబాలా దగ్గరి రైతుబిడ్డ. 2012 లండన్‌లో రజతం గెలిచిన విజయ్ కుమార్ సైన్యంలో పనిచేసినవాడు. అదే ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగి, తరువాత అకాడమీ పెట్టి ఎందరికో శిక్షణ ఇప్పిస్తున్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 4 పతకాలు గెలిచిన ఈషా సింగ్ మన హైదరాబాదు అమ్మాయి. కోటలోనుంచి ఈ క్రీడ వాడలోకి వచ్చింది. ప్రజాస్వామ్యం సాధించిన చిన్న విజయాలలో ఇదొకటి. పనిముట్లు మాత్రం కోటలో ఉన్నవారికి అందే చోటనే ఉండిపోయాయి. నన్ను కలతపెట్టేది ఈ వైరుధ్యమే.

శాసనం చేసిన మేలు లేకపోలేదు. ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని నిర్వచనం ప్రకారం తుపాకి మాత్రమే కాదు, తుపాకి భాగాలు కూడా ఆయుధాలే. సమాజ భద్రత దృష్ట్యా ఆ జాగ్రత్త అవసరమే, నేను దానిని తప్పుపట్టను. 2019 డిసెంబరులో చట్టాన్ని సవరించినప్పుడు, ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన లైసెన్సు తుపాకుల సంఖ్యను 3 నుంచి ఒకటికి తగ్గించాలని మొదట ప్రతిపాదించి, ఆక్షేపణలు వచ్చాక 2గా నిర్ణయించారు. షూటర్ల మినహాయింపు కొనసాగుతుందని ప్రభుత్వం సభలో హామీ ఇచ్చింది. 2020 ఫిబ్రవరిలో వెలువడిన ప్రకటనతో, పేరుపొందిన షూటర్లు ఉంచుకోదగిన తుపాకుల గరిష్ఠ సంఖ్యను 7 నుంచి 12కు పెంచారు. తూటాల పరిమితినీ సడలించారు. 2014లో ప్రారంభమైన ఒలింపిక్ పతకాల పథకం కింద కొందరికి డబ్బు కూడా అందుతున్నది.

ఇంతవరకు బాగానే ఉంది. అనుమతి ఉంది, కొంత సొమ్ము ఉంది. లేనిది తయారుచేసే చేయి. 12 తుపాకులు ఉంచుకోవచ్చునని చెప్పే ప్రభుత్వం, వాటిలో ఒక్కటైనా ఒలింపిక్ స్థాయిలో మన దేశంలో తయారు కావాలని ఏనాడూ పట్టుబట్టలేదు. పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేసి, వడ్డించేవాణ్ణి పొరుగూరినుంచి పిలిపించుకొమ్మని చెప్పినట్లున్నది.

ఆ చేయి మన దగ్గర లేకపోలేదు. ఈస్టిండియా కంపెనీ 1801లో కలకత్తా సమీపాన కాశీపూర్‌లో ఫిరంగి బండ్ల కర్మాగారాన్ని స్థాపించిన నాటినుంచి ఆయుధ కర్మాగారాల పరంపర మనకు ఉన్నది. స్వాతంత్ర్యం తరువాత అవి ప్రభుత్వ రంగానికి వెన్నెముకగా నిలిచాయి. నాటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో 1984లో ఏర్పడిన కర్మాగారం ఆ కుటుంబంలోనిదే. సైన్యానికి కావలసినవే ప్రధానమైనా, .22 రైఫిళ్లు, .32 రివాల్వర్లు, 12 బోర్ తూటాలు వంటి పౌర సరకులను కూడా ఈ కర్మాగారాలు తయారుచేశాయి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల మండలిని రద్దుచేసి, 41 కర్మాగారాలను 7 కంపెనీలుగా విడగొట్టారు. 70 వేలకు పైగా ఉద్యోగుల భవిష్యత్తు ముడిపడిన మార్పు అది. దానికి ముందు ఆగస్టులో, రక్షణ ఉత్పత్తిలో సమ్మెలను నిషేధించే బిల్లును పెగాసస్ వివాదం రేపిన గందరగోళం నడుమ ఉభయసభలూ ఆమోదించాయి. ఆ కేకలలో, ఈ కర్మాగారాలు ఇకపై ఏమి తయారుచేయాలి, ఏమి మానుకోవచ్చు అన్న చర్చకు తావే లేకపోయింది.

కంపెనీ అయిన తరువాత లాభనష్టాల పట్టిక వస్తుంది. పట్టిక వచ్చాక కాలిఫోర్నియా ఒరల దుకాణంలో పనిచేసిన సూత్రమే కాన్పూరులోనూ పనిచేస్తుంది. సైన్యం పెట్టే ఆర్డరు వేలలో ఉంటుంది, షూటరు అడిగేది ఒకటో రెండో. ప్రభుత్వ సంస్థ కూడా ప్రైవేటు వర్తకుడిలాగే లెక్కవేస్తే, ప్రభుత్వ సంస్థగా ఉండడానికి దానికున్న ప్రత్యేక కారణమేమిటి? సంస్కరణలను వ్యతిరేకించేవారి పక్షాన నేను ఈ మాట అనడం లేదు. ఈ కర్మాగారాలలో సోమరితనం, నాణ్యతలోపం ఉండేవని సైన్యాధికారులే ఫిర్యాదు చేసిన సందర్భాలున్నాయి. లాభం చూసుకోవడం తప్పు కాదు. లాభం ఒక్కటే చూసుకోవడం మీదనే నా ఆక్షేపణ.

కాన్పూరు పేరు ఎత్తడానికి మరొక కారణం ఉన్నది. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాణ్ణి కనుక మాటల పుట్టుక మీదికి నా మనసు పోతూ ఉంటుంది. ఒరకు ఇంగ్లీషువారు వాడే ‘హోల్‌స్టర్’ అనే మాట 17వ శతాబ్దంలో డచ్చి భాషనుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. ఆ రోజులలో దానిని గుర్రపు జీనుకు ముందువైపున వేలాడదీసేవారు. రౌతు పిస్తోలు అందులో ఉండేది. కనుక ఒర కుట్టినవాడు, జీను కుట్టినవాడు వృత్తిరీత్యా దాయాదులు. 1857 తిరుగుబాటు అణగిన తరువాత, తెల్లదొరలు తమ అశ్వదళాలకు కావలసిన జీనులు, కళ్లేలు, తోలు పట్టీల కోసం కాన్పూరులో ప్రభుత్వ కర్మాగారం పెట్టారు. దాని చుట్టూ తోళ్ల పరిశ్రమ పెరిగి, ఊరే తోలుపనికి మారుపేరైంది.

ఇరవయ్యో శతాబ్దంలో యుద్ధరంగంలోనుంచి గుర్రం నిష్క్రమించింది. అశ్వదళాలు ట్యాంకుల దళాలుగా మారాయి. గుర్రాలతో మిగిలినది చెప్పుకోదగినంతలో జైపూరులోని 61వ అశ్వదళమే. సైన్యం అనే మహా ఖాతాదారు జీనుల దుకాణంనుంచి అలా లేచి వెళ్లిపోయాడు. కాన్పూరు జీను పనివాళ్లు ఆ దెబ్బతో అంతరించిపోవలసింది. కాని పోలేదు. వారిని నిలబెట్టినవాడు క్రీడాకారుడు. యూరప్‌లో, అమెరికాలో గుర్రపు స్వారీ పోటీలలో పాల్గొనేవారికి, వినోదానికి స్వారీ చేసేవారికి జీనులు కుట్టి పంపుతూ ఆ వృత్తి బతికింది. ఈనాడు కాన్పూరు జీనుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. సైన్యం పెద్ద గిరాకీయే. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కసారిగా వెళ్లిపోతుంది. క్రీడ చిన్న గిరాకీ. తరాలు మారినా తలుపు తడుతూనే ఉంటుంది. పైగా క్రీడాకారుడు కొనేటప్పుడు కుట్టు కుట్టూ పరిశీలిస్తాడు. అతని చాదస్తమే పనివాడి చేతికి పదును. ఈ పాఠం మన కళ్లముందే ఉన్నది.

సరిహద్దుకు అటువైపు సియాల్‌కోట్ కథ కూడా ఇదే చెబుతుంది. ఆటవస్తువుల తయారీలో అవిభక్త పంజాబుకు పేరు తెచ్చిన ఊరది. 1947లో దేశం చీలినప్పుడు అక్కడి పనివాళ్లలో, వర్తకులలో చాలామంది కట్టుబట్టలతో జలంధర్‌కు, మీరట్‌కు వచ్చి, అక్కడ మళ్లీ బల్లలు వేసుకుని బ్యాట్లు, బంతులు చేయసాగారు. సియాల్‌కోట్‌లో మిగిలినవారు 2014, 2018, 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు బంతులు అందించారు. దేశాలు చీలినా, యజమానులు మారినా, నేర్చుకున్న పని మనుషుల వెంట నడిచివచ్చింది. ఉపఖండంలో నైపుణ్యానికి కరవు లేదు. మన దేశంలో కుట్టిన షూటింగ్ కోట్లను విదేశీ షూటర్లు కూడా ధరిస్తున్నారు. కోటు కుట్టగల దేశం పిస్తోలు పిడి చెక్కలేదా?

ఆకలి, అనారోగ్యం ఇంతగా ఉన్న దేశంలో తుపాకి పనిముట్లపైన ఈ శ్రద్ధ అవసరమా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. నేను అడుగుతున్నది కొత్త ఖజానా కాదు, ఉన్న ఖర్చుకు ఒక క్రమం. దేశంలో షూటర్లకు అతిపెద్ద పోషకురాలు ప్రభుత్వమే. సైన్యానికి మౌలో షూటింగ్ దళం ఉంది. రైల్వేలకు, పోలీసులకు, సరిహద్దు దళాలకు జట్లున్నాయి. క్రీడాప్రాధికార సంస్థకు శిక్షణ కేంద్రాలున్నాయి. ఇన్ని శాఖలు ఎవరికివారు విడివిడిగా తెప్పించుకోవడం వల్ల ప్రతి ఒక్కరి గిరాకీ చిన్నదిగా కనిపిస్తున్నది. అన్నిటినీ కలిపి ఏడాదికి ఒకసారి ఒకే ఆర్డరుగా పెడితే, ఆ చిన్న గిరాకీయే ఏ కర్మాగారమైనా తలెత్తి చూడదగినంత అవుతుంది. మొదట పెల్లెట్లు, తూటాలు, పిడులు, విడిభాగాలు. చేయి కుదిరాక పిస్తోలు, రైఫిలు. రక్షణశాఖ కంపెనీలతో ప్రభుత్వం ఏటా కుదుర్చుకునే లక్ష్యాల ఒప్పందంలో ఈ చిన్న సరకుకు ఒక పంక్తి కేటాయించవచ్చు. ఏ రకమైనా మానుకోదలచినప్పుడు, ముందుగా నోటీసు ఇచ్చి, విడిభాగాలు కొన్నేళ్లపాటు నిలవ ఉంచాలన్న నిబంధన పెట్టవచ్చు. చిన్న పరిశ్రమలు ముందుకు వస్తే, లైసెన్సు తనిఖీలో పట్టు సడలకుండానే జాప్యాన్ని తగ్గించవచ్చు. కాన్పూరు తోళ్ల కర్మాగారాలు గంగను కలుషితం చేస్తుంటే 1987లో సుప్రీంకోర్టు కఠినంగా వ్యవహరించవలసి వచ్చింది. పనివాణ్ణి ఆదుకోవడమంటే కట్టుబాట్లు వదిలేయడం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ మంత్రిత్వశాఖల ఫైళ్లలో తమంతట తాము పుట్టవు. సభలో ఎవరో ఒకరు అడగాలి. పారిస్‌లో మను భాకర్ తొలి పతకం గెలిచిన మరునాడు, 2024 జూలై 29న, లోక్‌సభ ఆమెను అభినందించింది. అన్ని పక్షాలవారూ బల్లలు చరిచారు. ఆ హర్షధ్వానాలలో కపటం లేదు. కాని పతకం మెడలో పడిన తరువాత చరిచే బల్లకు, పనిముట్టు దొరకని నాడు వేసే నక్షత్రం గుర్తు ప్రశ్నకు విలువలో హస్తిమశకాంతరం ఉన్నది. రక్షణశాఖ పద్దులపై చర్చలో ట్యాంకుల గురించి, విమానాల గురించి ఉద్దండులు గంటలకొద్దీ మాట్లాడతారు. ఏడు కంపెనీలలో ఎవరైనా షూటరు కోసం ఏదైనా తయారుచేస్తున్నారా, చేస్తున్నదాన్ని మానుకుంటున్నారా అని అడగడానికి ఒక్క నిమిషం చాలు. హైదరాబాదు షూటర్లను చూసి గర్విస్తున్న మన తెలుగు సభ్యులలో ఒకరు, పార్టీ ఏదైనా సరే, వచ్చే సమావేశాలలో ఆ నిమిషాన్ని వినియోగించుకోవాలని నా కోరిక. పెద్ద గిరాకీ తన పని తాను చేయించుకోగలదు. చిన్న గిరాకీ తరఫున నోరు విప్పడానికే చట్టసభలు ఉన్నాయి.